కాన్పుకు ముందే మనసును సిద్ధం చేసుకుందాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి లెక్కలు ఇంతకుముందే విన్నారు. ఆ లెక్కల్లో ఎక్కడా రాయని బరువు ఒకటి ఉంది. అది కాన్పు భయం. ఈరోజు మేము దాని గురించే మాట్లాడదామనుకుంటున్నాం. కాన్పు భయం ఆడవాళ్ళకు మామూలేగా, దాని గురించి సభలో మాట్లాడేదేముంది అని కొందరికి అనిపించవచ్చు. మామూలే కాబట్టే మాట్లాడాలి అంటున్నాం.

మన సంఘం మీటింగుకు తొలిచూలు పిల్ల ఒకతి వచ్చి కూర్చుంటే మనం ఏం చెప్తాం? "నాకు రెండు రోజులు నొప్పులు", "నేనైతే చచ్చి బతికిన", "మా ఆడబిడ్డకు ఇట్లయింది" అని తలా ఒక మాట చెప్తాం. ప్రేమతోనే చెప్తాం, జాగ్రత్త చెప్తున్నామనే అనుకుంటాం. కానీ ఆ పిల్ల ఏడో నెల వచ్చేసరికి "నొప్పులు పడటం నాతోని కాదు, కోసి తీయమనండి" అని ఇంట్లో చెప్పేస్తుంది. అమ్మగారింటి వాళ్ళు అప్పు కోసం తిరుగుతారు. ఆ అప్పు మన సంఘానికే వస్తుంది.

2019-21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పుల్లో 60కి పైగా ఆపరేషన్ కాన్పులే. దేశం మొత్తం మీద ఆ లెక్క 100కు 21.5. మన దగ్గర ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 100కు 81, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44 దాటింది. ఆపరేషన్లు 100కు 10 దాటాక, అవి ఇంకా పెరిగినంత మాత్రాన ఒక దేశంలో తల్లుల మరణాలు, పసిబిడ్డల మరణాలు తగ్గుతున్నట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

ఒక్క విషయం స్పష్టంగా చెప్తున్నాం. ఆపరేషన్ చెడ్డది కాదు. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ కిందికి ఉన్నప్పుడు, బిడ్డ గుండె చప్పుడు తగ్గినప్పుడు అదే తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. ఆపరేషన్ చేయించుకున్న అక్కచెల్లెళ్ళు ఎవరూ తలవంచుకోవాల్సిన పని లేదు. ఇన్ని ఆపరేషన్లకు భయం ఒక్కటే కారణమని కూడా మేము అనడం లేదు. ముహూర్తం చూసి తీయించుకునేవాళ్ళున్నారు. డబ్బు ఆశతో తొందరపెట్టే చోట్లున్నాయి. మొదటిది ఆపరేషన్ అయితే రెండోది కూడా ఆపరేషనే అవుతున్నది. వీటిలో చాలా వాటి మీద మనకు పట్టు లేదు. భయం మీద మాత్రం మనం పని చేయగలం.

భయం ఒంట్లో ఏం చేస్తుందో చూద్దాం. గర్భసంచి పెద్ద కండరం. నొప్పి వచ్చినప్పుడల్లా దాని కండ పైకి ముడుచుకుంటూ కింద ఉన్న ముఖద్వారాన్ని కొంచెం కొంచెంగా తెరుస్తుంది. అది పూర్తిగా తెరుచుకుంటే 10 సెంటీమీటర్లు. ఈ పని చేయించేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. మనం బాగా భయపడితే ఒంట్లో అడ్రినలిన్ అనే ఇంకో హార్మోను ఊరుతుంది. అది పరుగెత్తడానికో, కొట్లాడటానికో పనికొచ్చేది. అది ఎక్కువైతే ఆక్సిటోసిన్ పని మందగిస్తుంది. ఒళ్ళు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒంటికి నొప్పి ఎక్కువ తెలుస్తుంది, నొప్పి ఎక్కువైతే మళ్ళీ భయం. ఇంగ్లండుకు చెందిన గ్రాంట్లీ డిక్ రీడ్ అనే కాన్పుల డాక్టరు 1942లో అచ్చయిన తన పుస్తకంలో ఈ చక్రం గురించే రాశాడు. భయం, బిగువు, నొప్పి ఒకదాన్నొకటి పెంచుకుంటాయన్నాడు.

మనకు ఇది పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన సంగతి కూడా కాదు. ఈనే బర్రె దగ్గర గుంపు చేరితే పెద్దవాళ్ళు ఏమంటారు? "దూరం జరగండి, దాన్ని బెదరగొట్టకండి" అంటారు. బర్రెకు ఇచ్చే ఆ నెమ్మది మన ఆడపిల్లకు కూడా ఇవ్వాలనే మేము అడుగుతున్నాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. కాన్పుకు ముందు మనసును తయారు చేసుకునే ఒక పద్ధతి ఉంది. దాన్ని సెల్ఫ్ హిప్నాసిస్ అంటారు, స్వీయ సమ్మోహనం అని కూడా అంటారు. హిప్నాటిజం అనగానే మనకు స్టేజీ మీద మనిషిని నిద్రపుచ్చి ఆడించే మ్యాజిక్ గుర్తుకొస్తుంది. లేదంటే వశీకరణం, చేతబడి అని భయమేస్తుంది. ఇది ఆ రెండూ కాదు. ఇందులో ఎవరూ మనల్ని వశం చేసుకోరు. మనం నిద్రపోము, తెలివి తప్పము, ఎప్పుడు కావాలంటే అప్పుడు కళ్ళు తెరవచ్చు. ఒంటిని వదులు చేసి, ధ్యాసను ఒకేచోట నిలిపి, మనసుకు మనమే మంచి మాట చెప్పుకోవడం, మంచి బొమ్మ చూపించడం, అంతే.

ఇది మనకు కొత్త కూడా కాదు. నాట్లు వేసేటప్పుడు ఎందుకు పాడతాం? పాట సాగుతుంటే నడుము నొప్పి తెలియదు. పాట ఆగితే ఒక్కసారిగా తెలుస్తుంది. బీడీలు చుట్టే అక్కల చేతులు వాటంతట అవే పని చేస్తుంటే మనసు ఎక్కడో తిరిగి వస్తుంది. నొప్పి అక్కడే ఉంటుంది కానీ ధ్యాస ఇంకోచోట ఉంటుంది. ఈ గుణాన్నే కావాలని, సాధన చేసి, సమయానికి వాడుకోవడం నేర్చుకుంటాం.

డాక్టర్లు కూడా దీన్ని ఎప్పటి నుంచో చూస్తున్నారు. మత్తుమందులు ఇంకా రాని రోజుల్లో, 1845లో, మన దేశంలోనే బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డేల్ అనే సర్జను దీనికి ముందు రూపమైన మెస్మరిజంతో రోగులకు ఆపరేషన్లు చేశాడు. 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ హిప్నాసిస్‌ను కాన్పు నొప్పికి కూడా వాడవచ్చని ఒప్పుకుంది.

మరి ఇది నిజంగా పని చేస్తుందా? ఉన్నది ఉన్నట్టు చెప్పడం మా బాధ్యత. ఇంగ్లండులో 680 మంది తొలిచూలు గర్భిణుల మీద పెద్ద పరిశోధన జరిగింది, 2015లో అచ్చయింది. సగం మందికి నెలలు నిండుతున్నప్పుడు గంటన్నర చొప్పున రెండు క్లాసులు చెప్పి, రోజూ ఇంట్లో వినడానికి సీడీ ఇచ్చారు. మిగిలిన సగం మందికి మామూలు సేవలే. వెన్నులో వేసే ఎపిడ్యూరల్ అనే నొప్పి ఇంజెక్షను అడిగినవాళ్ళు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం, 100కు 28, 30. అంటే నొప్పి మాయం కాలేదు. కానీ కాన్పయిన రెండు వారాలకు అడిగితే, సాధన చేసినవాళ్ళు "మేము అనుకున్నంత భయపడలేదు, అంత ఆందోళన పడలేదు" అన్నారు. 2016లో ఇలాంటి 9 పరిశోధనలను కలిపి చూసినప్పుడు, హిప్నాసిస్ నేర్చుకున్నవాళ్ళలో నొప్పి మందులు మొత్తం మీద కొంత తక్కువ వాడారని, సాధారణ కాన్పుల సంఖ్యలో మాత్రం స్పష్టమైన తేడా లేదని తేలింది.

కాబట్టి "ఇది చేస్తే నొప్పి ఉండదు" అని ఎవరైనా చెప్పి డబ్బులు అడిగితే నమ్మకండి. "ఇది చేస్తే ఆపరేషన్ తప్పుతుంది" అన్నా నమ్మకండి. భయం తగ్గుతుంది. మేము చెప్పేది అంతవరకే. కానీ ఎపిడ్యూరల్ అందరికీ అందని మన ఊళ్ళలో, నొప్పులా ఆపరేషనా అని పిల్ల ఒంటరిగా తేల్చుకునే చోట, భయం తగ్గడం చిన్న విషయం కాదు. దీనికి ఖర్చు కూడా లేదు.

సాధన ఎలా చేయాలో ఇప్పుడు చెప్తాం. ఏడో నెల నుంచి మొదలుపెట్టాలి. రోజుకు 15 నిమిషాలు చాలు. మన పొదుపు లాంటిదే ఇది. ఒక్కరోజు వెయ్యి వేసి మానేస్తే పనికిరాదు, ప్రతిరోజూ కొంచెం వేస్తేనే అవసరానికి చేతికొస్తుంది. పొయ్యి మీద ఏమీ పెట్టకుండా, చిన్నపిల్లల్ని ఎవరికైనా అప్పగించి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని గానీ గోడకు ఆనుకుని కూర్చుని గానీ చేయాలి. నెలలు నిండుతున్నప్పుడు వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవద్దు.

మొదట పిడికిలి గట్టిగా బిగించండి. అయిదు లెక్కపెట్టి వదిలేయండి. బిగువుకూ వదులుకూ తేడా ఏమిటో చేతికి తెలియాలి. అట్లాగే భుజాలు, దవడ, తొడలు, పాదాలు. ముఖ్యంగా దవడ. పళ్ళు కొరుక్కుంటే కిందంతా బిగుసుకుంటుంది. పెదాలు వదులు చేసి ఊపిరి వదలడం అలవాటు చేసుకోవాలి.

తర్వాత ఎవరైనా దగ్గర కూర్చుని నెమ్మదిగా ఈ మాటలు చెప్పాలి. అమ్మ కావచ్చు, అత్త కావచ్చు, భర్త కావచ్చు. ఫోనులో రికార్డు చేసి పెట్టుకుని రోజూ వినవచ్చు కూడా. ఈ పుస్తకంలో అచ్చు వేయిస్తున్నాం కాబట్టి సంఘంలో చదివి వినిపించండి.

"కళ్ళు మూసుకో తల్లీ. ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకో, నాలుగు లెక్కపెట్టు. నోటితో ఇంకా మెల్లగా వదులు, ఆరు లెక్కపెట్టు. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒళ్ళు బరువెక్కి చాపలోకి దిగిపోతున్నది. నుదురు వదులు. దవడ వదులు. భుజాలు వదులు. నడుము వదులు. ఇప్పుడు నీకు బాగా ఇష్టమైన చోటికి పో. మీ అమ్మగారింటి వేపచెట్టు కిందికి పో. గాలి తగులుతున్నది. ఆకుల చప్పుడు వినబడుతున్నది. నీకు అక్కడ ఏ భయమూ లేదు. ఎదురుగా చిన్న గుట్ట ఉంది. నొప్పి వచ్చిందంటే గుట్ట ఎక్కుతున్నావన్నమాట. ఒక్కో ఊపిరికి ఒక్కో అడుగు. పైకొచ్చావు. ఇంతకన్నా ఎత్తు లేదు. ఇప్పుడు దిగుతున్నావు. దిగి మళ్ళీ వేపచెట్టు నీడలో కూర్చున్నావు. నీ లోపల మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చుకున్నట్టు మెల్లగా దారి తెరుచుకుంటున్నది. బిడ్డ కిందికి వస్తున్నది. నువ్వూ బిడ్డా కలిసి పని చేస్తున్నారు. ఇక మెల్లగా వేళ్ళు కదిలించు. కళ్ళు తెరువు."

గుట్ట అనే బొమ్మ ఊరికే పెట్టలేదు. పురుటి నొప్పి పంటి నొప్పిలా ఆగకుండా ఉండదు. మెల్లగా మొదలై, పెరిగి, కొసకు చేరి, తగ్గిపోతుంది. నొప్పులు ముదిరాక కూడా ఒక్కొక్కటి దాదాపు ఒక నిమిషం ఉంటుంది. మధ్యలో విరామం ఉంటుంది. తొలి కాన్పులో ఇది చాలా గంటలు సాగవచ్చు. అన్ని గంటలనూ ఒకేసారి తలచుకుంటే ఎవరికైనా గుండె జారుతుంది. ఈ ఒక్క గుట్ట ఎక్కుతాను, తర్వాత నీడలో కూర్చుంటాను అనుకుంటే మనసు తట్టుకుంటుంది. కట్టెల మోపు మోసినవాళ్ళకు ఈ మాట చెప్పాల్సిన పని లేదు. ఎవరికి ఏ బొమ్మ నచ్చితే అదే పెట్టుకోవచ్చు. చెరువులో సాగిపోయే బతుకమ్మను చూసుకునేవాళ్ళు అదే చూసుకోవచ్చు, దేవుడి పేరు తలచుకునేవాళ్ళు అదే తలచుకోవచ్చు.

నొప్పి లేనప్పుడు చేసిన సాధన నొప్పిలో నిలుస్తుందా అని అడుగుతారు. దానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఐసు ముక్క ఒకటి అరచేతిలో పట్టుకుని ఒక నిమిషం ఉండండి. మొదటిసారి "అబ్బా" అంటూ చెయ్యి బిగించండి. రెండోసారి దవడ వదులు చేసి, ఊపిరి మెల్లగా వదులుతూ, గుట్ట ఎక్కి దిగండి. చలి అదే, ఐసు అదే. మోసే తీరు మారుతుంది. ఆ తేడా చేతికి తెలిస్తే మనసుకు నమ్మకం వస్తుంది.

కాన్పు రోజున ఈ సాధనను గుర్తు చేసే మనిషి పక్కనుండాలి. నొప్పుల్లో మనకు మనం గుర్తుకు రాము. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో కూడా కోరుకున్న తోడు ఉండాలని, ఊపిరి సాధన, ఒంటిని వదులు చేసే పద్ధతులు కోరినవాళ్ళకు అందించాలని, నొప్పుల్లో నడవనివ్వాలని రాసి ఉంది. మన రాష్ట్రంలో 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టి ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీలో శిక్షణ ఇస్తున్నారు. అలాంటి నర్సు ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని పోవడం మంచిది. తోడుగా పోయేవాళ్ళు "ఇంకెంతసేపే" అనకూడదు. "ఈ ఒక్కటి అయిపోయింది, నీడకొచ్చినవ్, దవడ వదులు" అనాలి. కొన్నిచోట్ల నొప్పుల్లో ఉన్న పిల్లను కసురుకుంటారు. అలాంటప్పుడు మర్యాదగా, గట్టిగా "అట్ల అనకండి మేడం, మా పిల్ల భయపడుతుంది" అని చెప్పడం కూడా తోడు వెళ్ళినవాళ్ళ పనే.

ఇప్పుడు హెచ్చరిక. ఈ భాగం ఎవరూ మరిచిపోవద్దు. మనసు సాధన డాక్టరుకు బదులు కాదు, ఆసుపత్రికి బదులు కాదు, ఇంట్లో కాన్పు చేసుకోవడానికి దారి అసలే కాదు. రక్తం పోతున్నా, ఉమ్మనీరు పోయినా, తల పగిలిపోయేలా నొప్పి వచ్చి కళ్ళు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఊపిరి సాధన బండిలో చేసుకోవచ్చు. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళు, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఈ సాధన మొదలుపెట్టవద్దు. కళ్ళు మూసుకుంటే పాత భయాలు, జరిగిన దెబ్బలు ముందుకొచ్చేవాళ్ళు కూడా బలవంతాన చేయవద్దు, ఆపి ఏఎన్ఎంతో మాట్లాడాలి.

ఇంకో మాట. సాధన చేసిన పిల్లకు చివరికి ఆపరేషన్ అయితే "నువ్వు సరిగ్గా చేయలేదు" అని ఎవరూ అనొద్దు. నొప్పి మందు అడిగితే "ఓర్చుకోలేకపోయింది" అనొద్దు. భయం తీసేద్దామని మొదలుపెట్టి సిగ్గు అంటగట్టకూడదు. ఆపరేషన్ బల్ల మీద కూడా ఆ ఊపిరి, ఆ వేపచెట్టు పనికొస్తాయి. బిడ్డ పోయిన తల్లి మన మధ్యలో ఉంటే, ఆమె ముందు ఈ మాటలు ఎప్పుడు, ఎట్లా మాట్లాడాలో కూడా చూసుకోవాలి.

చివరగా ఆరోగ్య ఉపసంఘం తరఫున నాలుగు ప్రతిపాదనలు ఈ సభ ముందు పెడుతున్నాం.

1. ప్రతి గ్రామ సంఘం నెలవారీ మీటింగులో అరగంట గర్భిణులకు కేటాయించాలి. ఆశా అక్క సమక్షంలో పైన చెప్పిన సాధన అందరూ కలిసి చేయాలి. అత్తలను, తల్లులను కూడా పిలవాలి.

2. ప్రతి గ్రామ సంఘంలో తోడుగా పోగలిగిన ఇద్దరు ముగ్గురి పేర్లు ముందే రాసి పెట్టుకోవాలి. రాత్రిపూట పిలిచినా పోగలిగినవాళ్ళయి ఉండాలి. వాళ్ళు గర్భిణితో కలిసి కనీసం నాలుగుసార్లు సాధన చేసి ఉండాలి.

3. నెలలు నిండిన సభ్యురాలికి అత్యవసర అప్పు మంజూరు చేసే తీర్మానం ముందే రాసి సంతకాలు పెట్టి ఉంచాలి. డబ్బు భయం కూడా భయమే. ఏ ఆసుపత్రి, ఏ బండి, ఎవరు తోడు, ఇంటి దగ్గర పిల్లలు ఎవరి దగ్గర అన్నవి ఎనిమిదో నెలలోనే తేలిపోవాలి.

4. గర్భిణి ఉన్న మీటింగులో భయపెట్టే కాన్పు కథలు చెప్పకూడదని మనకు మనమే నియమం పెట్టుకోవాలి. నిజం దాచమని కాదు. ప్రమాద లక్షణాలు చెప్పాలి, ఏం చేయాలో చెప్పాలి. మన కాన్పు కథ చెప్పాల్సి వస్తే, ఆ రోజు మనకు ఏది ధైర్యమిచ్చిందో, ఎవరి చేయి పట్టుకున్నామో కూడా కలిపి చెప్పాలి.

పది రూపాయల పొదుపుతో మొదలైనప్పుడు బ్యాంకు మెట్లు ఎక్కడానికి మనకు కాళ్ళు వణికేవి. ఒకరి వెనక ఒకరం నిలబడి ఆ వణుకు పోగొట్టుకున్నాం. కాన్పు గది మెట్లు కూడా మన పిల్లలు అట్లాగే ఎక్కాలని కోరుకుంటున్నాం. ఈ ప్రతిపాదనలను చర్చించి ఆమోదించాలని సభను కోరుతూ ముగిస్తున్నాం.